ఎండని మాలిక్యూల్‌లో దాచి వేడిగా తీసుకోవడం: కాలేజీ ల్యాబ్‌లో ఎలా చెయ్యాలి, ఏమేం కొలవాలి

సీసాలో ఎండ పట్టేశారు, 18 ఏళ్ళు నిల్వ ఉంటుందట అనే వార్త అప్పుడప్పుడూ వాట్సాప్‌లో తిరుగుతుంది, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పిల్లలు అది పట్టుకొచ్చి ఇదే ప్రాజెక్టుగా చేస్తాం అంటారు. చెయ్యండి, మంచి టాపిక్కే, ఖర్చు కూడా మరీ ఎక్కువేం కాదు. కాకపోతే ఒక్క సంగతి ముందే బుర్రకి ఎక్కించుకోవాలి. ఆ వార్తల్లో 18 ఏళ్ళు అన్నది ఒక మాలిక్యూల్‌ది, 63 డిగ్రీలు వేడెక్కింది అన్నది ఇంకో మాలిక్యూల్‌ది, కిలోకి ఇన్ని మెగాజూల్స్ అన్నది మూడోదానిది, అవన్నీ ఒకే దాంట్లోకి తీసుకురావడం దగ్గరే ఈ ఫీల్డ్ అంతా కుస్తీ పడుతోంది. అందుకని ఇక్కడ అజోబెంజీన్ అనే ఒక చవక మాలిక్యూల్ తీసుకుని దాని నంబర్లన్నీ మీ చేత్తో మీరే ఎలా కొలవాలో చెప్తాను, ఒక్కసారి అవి కొలిచారంటే తర్వాత ఏ వార్త చదివినా అందులో ఏ నంబరు చెప్పకుండా వదిలేశారో ఇట్టే పట్టేస్తారు.

అసలు జరిగేదేంటంటే, కొన్ని మాలిక్యూల్స్ మీద సరైన వేవ్‌లెంగ్త్ లైటు పడితే ఆకారం మారిపోతుంది. ఆటమ్స్ అవే, ఫార్ములా అదే, కానీ కొత్త ఆకారంలో ఎనర్జీ ఎక్కువ. ఎక్కుపెట్టిన విల్లు లాంటిది అనుకోండి, వదిలితే పాత ఆకారానికి వచ్చేస్తుంది, ఆ తేడా అంతా వేడిగా బయటికొస్తుంది. వదిలే పని కేటలిస్టు చెయ్యొచ్చు, కాస్త వేడి చెయ్యొచ్చు, ఇంకో రంగు లైటు కూడా చెయ్యొచ్చు. ఏమీ మండదు, పొగ రాదు, మళ్ళీ ఎండలో పెడితే మళ్ళీ చార్జ్ అవుతుంది. దీన్ని మాలిక్యులర్ సోలార్ థర్మల్ అంటారు, షార్ట్‌గా మోస్ట్.

ఇదేం నిన్నా మొన్నటి ఐడియా కాదు. 1909లోనే వైగర్ట్ అనే జర్మన్ ఆయన ఆంత్రసీన్ డైమర్‌లో లైటు ఎనర్జీ దాచొచ్చని అన్నాడు, 1937లో లండన్‌లో హార్ట్‌లీ ఎండ తగిలిన అజోబెంజీన్‌లోంచి సిస్ రూపాన్ని, అంటే వంగి ఎనర్జీ దాచుకున్న ఆకారాన్ని, విడదీశాడు, 70ల్లో ఆయిల్ సంక్షోభం వచ్చాక నార్బోర్నడయీన్ అనే ఇంకో మాలిక్యూల్ మీద జనం పడ్డారు, ఆయిల్ మళ్ళీ చవకయ్యాక వదిలేశారు. ఈ మధ్య మళ్ళీ ఊపు తెచ్చింది స్వీడన్‌లో చామర్స్ యూనివర్సిటీలో మోత్-పౌల్సెన్ గ్రూప్, మీరు చూసిన సీసా వార్తలు చాలావరకు వాళ్ళవే.

గ్లవుజులు వేసుకునే ముందు కాగితం మీద లెక్క

ల్యాబ్‌కి పరిగెత్తకండి, ముందు ఒక లెక్క వెయ్యండి. ఒక బకెట్ స్నానం, 15 లీటర్లు అనుకుందాం, 25 డిగ్రీల నుంచి 40కి తేవాలి. 15 ఇంటూ 4.18 ఇంటూ 15, దగ్గర దగ్గర 940 కిలోజూల్స్, కరెంటులో చెప్పాలంటే పావు యూనిట్ పైచిలుకు.

అజోబెంజీన్‌లో మోల్‌కి 41 కిలోజూల్స్ దాకా దాగుతుంది (49 అని చెప్పేవాళ్ళూ ఉన్నారు, కొలిచిన పద్ధతిని బట్టి), దాని మోలార్ మాస్ 182, అంటే గ్రాముకి 225 జూల్స్. ఒక స్నానానికి 4 కిలోల పైన అజోబెంజీన్ కావాలి, అదీ పూర్తిగా చార్జ్ అయిందనుకుంటే. నార్బోర్నడయీన్ మోల్‌కి 89 కిలోజూల్స్, మోలార్ మాస్ 92, గ్రాముకి 970 దగ్గర, అంటే స్నానానికి ఒక కిలో. 2026లో అమెరికాలో యూసీ శాంటా బార్బరా యూనివర్సిటీ నుంచి గ్రేస్ హాన్ గ్రూప్ పిరిమిడోన్ మాలిక్యూల్ ఒకటి చూపించింది, ఎండకి మన చర్మంలో డీఎన్ఏ పాడయ్యేటప్పుడు జరిగే రియాక్షన్ చూసి పట్టుకున్న ఐడియా అది, కిలోకి 1.6 మెగాజూల్స్ పైన, ఆ వేడితో కొంచెం నీళ్ళు మరిగించి చూపించారు కూడా. దాంతో అయితే 600 గ్రాములు చాలు. అదే స్నానానికి గ్యాస్ 20 గ్రాములు, పొయ్యి దగ్గర పోయే వేడి లెక్కేసుకోకపోతే.

ఇక్కడ పిల్లలెవరూ గమనించనిది ఒకటుంది. మామూలు నీళ్ళని 50 డిగ్రీలు పైకి వేడి చేస్తే కిలోకి 209 కిలోజూల్స్ దాచినట్టు. అజోబెంజీన్‌ది 225. అంటే ఇంత ఖరీదైన ఆరెంజ్ పొడీ, కాగిన నీళ్ళూ దాదాపు సమానం! మరి ఎందుకీ గొడవంతా అంటే, నీళ్ళు తెల్లారేసరికి చల్లారిపోతాయి, ఈ పొడి చల్లగానే ఉండి వేడిని పట్టుకుని ఉంటుంది, థర్మాస్ అక్కర్లేదు, ఇన్సులేషన్ అక్కర్లేదు. కాబట్టి ఈ టాపిక్‌లో అన్నిటికంటే ముందు అడగాల్సింది ఎంత దాగింది అని కాదు, ఎన్నాళ్ళు ఆగుతుంది అని. ప్రాజెక్టు కూడా అదే ఆర్డర్‌లో చెయ్యండి.

ఏ మాలిక్యూల్‌తో మొదలుపెట్టాలి

అజోబెంజీన్. ఇంకో మాట లేదు. కెటలాగ్‌లో దొరుకుతుంది, రంగు ఉంటుంది కాబట్టి కంటికి కనిపిస్తుంది, 365 నానోమీటర్ల యూవీ ఎల్ఈడీతో చార్జ్ అవుతుంది, నీలం లైటుతో వెనక్కి వస్తుంది, దాని గురించి రాయని పేపర్ లేదు కాబట్టి మీ నంబరు తప్పొస్తే పోల్చుకోడానికి బోలెడు డేటా.

నార్బోర్నడయీన్ పేరు గొప్పదని దాని వెనకాల పోకండి. ఊరికే మండిపోయే లిక్విడ్, ఘాటు వాసన, పైగా ఏ గ్రూపులూ తగిలించని నార్బోర్నడయీన్ 300 నానోమీటర్ల లోపు లైటే తాగుతుంది, నేల మీదకి వచ్చే ఎండలో ఆ భాగం దాదాపు ఉండనే ఉండదు. ఎండలో పనిచెయ్యాలంటే దానికి ఒకవైపు ఎలక్ట్రాన్లు ఇచ్చేది ఇంకోవైపు లాగేది తగిలించాలి, తగిలిస్తే అబ్జార్ప్షన్ పెద్ద వేవ్‌లెంగ్త్‌ల వైపు జరుగుతుంది గానీ మాలిక్యూల్ బరువెక్కిపోయి కిలోకి వచ్చే ఎనర్జీ సగానికి అటూ ఇటూ పడిపోతుంది. ఒకటి లాగితే ఇంకోటి పోతుందన్నమాట, మొదట్లో చెప్పిన కుస్తీ ఇదే. పైగా అలా తగిలించిన రకం కొనడానికి దొరకదు, డైసైక్లోపెంటాడయీన్ క్రాక్ చేసుకుని డీల్స్-ఆల్డర్ రియాక్షన్ చేసుకోవాలి, ఒక సెమిస్టర్ ప్రాజెక్టులో సింథసిస్‌కే టైమంతా అయిపోతుంది.

జాగ్రత్తలు చెప్పకుండా ముందుకెళ్ళను. అజోబెంజీన్ క్యాన్సర్ కారకం కావచ్చన్న లిస్టులో ఉంది, గ్లవుజులు లేకుండా ముట్టుకోవద్దు, పొడి తూచేటప్పుడు ఫ్యాన్ కింద కూచోవద్దు, ఫ్యూమ్ హుడ్‌లోనే పని. 365 ఎల్ఈడీ చూడ్డానికి మసగ్గా ఊదారంగులో వెలుగుతుంది, ఏముందిలే ఇంతే కదా అనిపిస్తుంది, కంటికి చేసే డ్యామేజీ మాత్రం మసగ్గా ఉండదు. యూవీ కళ్ళజోడు పెట్టుకోండి, పక్కనున్న వాళ్ళకీ ఇవ్వండి.

ముందు టీఎల్‌సీ ప్లేటు మీద చూడండి

ఇన్‌స్ట్రుమెంట్ స్లాట్ దొరికేదాకా ఆగక్కర్లేదు. కొంచెం అజోబెంజీన్ టోలుయీన్‌లో కరిగించి సీసాకి అల్యూమినియం ఫాయిల్ చుట్టేసి పెట్టుకోండి. సిలికా టీఎల్‌సీ (థిన్ లేయర్ క్రొమటోగ్రఫీ) ప్లేటు మీద ఎడమవైపు ఒక చుక్క పెట్టి, ప్లేటుని ఎండలో ఓ గంట గంటన్నర ఉంచండి, మేఘాలుంటే యూవీ ఎల్ఈడీ కింద పెట్టండి. తర్వాత నీడలోకి తెచ్చి కుడివైపు ఫాయిల్ చుట్టిన సీసాలోంచి ఇంకో తాజా చుక్క పెట్టి, కొంచెం ఇథైల్ ఎసిటేట్ కలిపిన హెక్సేన్‌లో రన్ చెయ్యండి, రన్ అవుతున్నంతసేపు బీకర్ మీద ఏదైనా డబ్బా బోర్లించండి.

కుడివైపు చుక్క ఒక్కటే పసుపు మచ్చగా పైకి పోతుంది. ఎడమవైపుది రెండుగా చీలుతుంది, ఒకటి తాజా చుక్కతో సమానంగా పైన, రెండోది బాగా కింద ఆగిపోయి. ఆ కింద ఆగిందే సిస్, అంటే చార్జ్ అయిన రూపం. ట్రాన్స్, అంటే చార్జ్ కాని మామూలు రూపంలో రెండు వైపులా సమానంగా ఉండి డైపోల్ సున్నా, సిస్ వంగిపోయి డైపోల్ వస్తుంది, అందుకే సిలికా దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. కంటి ముందు ఎండ ఒక పదార్థాన్ని రెండు చేసింది, ఒక్క మీటరు కూడా ఆన్ చెయ్యకుండా. వైవాలో ఈ ప్లేటు చూపిస్తే ఎగ్జామినర్ సగం ప్రశ్నలు మర్చిపోతాడు.

ఎండలో పెట్టినప్పుడు మొత్తం సిస్‌గా ఎందుకు మారలేదు అంటారేమో. ఎండలో యూవీతో పాటు కనిపించే లైటు కూడా ఉంటుంది కదా, యూవీ చార్జ్ చేస్తుంటే నీలం రంగు అదే టైములో డిస్చార్జ్ చేస్తుంటుంది, రెండూ ఒకచోట తూగి ఆగుతాయి. దీన్ని ఫోటోస్టేషనరీ స్టేట్ అంటారు. అచ్చంగా 365 ఎల్ఈడీ పెడితే సిస్ ఎక్కువే వస్తుంది గానీ అప్పుడు కూడా నూటికి నూరు రాదు.

యూవీ-విజిబుల్: చార్జ్ అయిందా లేదా

9.1 మిల్లీగ్రాములు తూచి 100 మిల్లీలీటర్లలో కరిగిస్తే 5 ఇంటూ 10 పవర్ మైనస్ 4 మోలార్ వస్తుంది, ఇది మీ స్టాక్. ఇందులోంచి పది రెట్లు పల్చన చేసింది ఇంకోటి ఉంచుకోండి. ఎందుకు రెండూ అంటే ట్రాన్స్‌కి 320 దగ్గర ఉండే పెద్ద బ్యాండ్ చాలా బలమైనది, పల్చన దాంట్లోనే అబ్జార్బెన్స్ (ఎంత లైటు తాగిందో చెప్పే నంబరు) 1 దాటుతుంది, స్టాక్ పెడితే స్పెక్ట్రమ్ పైన గోడలా కట్ అయిపోతుంది. 440 దగ్గర ఉండే చిన్న బ్యాండ్ మాత్రం పల్చన దాంట్లో కనిపించీ కనిపించకుండా ఉంటుంది, దానికి స్టాక్ కావాలి.

చార్జ్ చెయ్యకముందు ఒక స్పెక్ట్రమ్, తర్వాత ఎల్ఈడీ కింద కొంచెం కొంచెంగా పెడుతూ ప్రతిసారీ ఒక స్పెక్ట్రమ్, మారడం ఆగేదాకా. 320 పడిపోతుంది, 440 పైకి లేస్తుంది. అన్ని స్పెక్ట్రాలూ ఒకదానిమీద ఒకటి వేసి చూడండి, కొన్ని వేవ్‌లెంగ్త్‌ల దగ్గర గీతలన్నీ ఒకే పాయింట్‌లోంచి పోవాలి, వాటిని ఐసోబెస్టిక్ పాయింట్లు అంటారు. గీతలు ఆ పాయింట్‌లోంచి పోకుండా జరుగుతూ పోతుంటే అక్కడ రెండు పదార్థాలే లేవన్నమాట, ఏదో కుళ్ళుతోంది లేదా సాల్వెంట్ ఆవిరైపోతోంది. ఇది ఫ్రీగా వచ్చే చెక్, చాలామంది ఒక్క ముందు స్పెక్ట్రమ్, ఒక్క తర్వాత స్పెక్ట్రమ్ తీసి ఊరుకుంటారు, దాంతో ఇది పోతుంది.

ఎంత శాతం చార్జ్ అయిందో అబ్జార్బెన్స్ తగ్గుదల నుంచి అంచనా వెయ్యొచ్చు, కానీ ఎన్ఎంఆర్ దొరికితే అదే మేలు. ట్రాన్స్ ప్రోటాన్లు 7.5 నుంచి 7.9 దాకా ఉంటాయి, సిస్‌వి 6.8 నుంచి 7.2 వైపు దిగుతాయి, ఇంటిగ్రేట్ చేస్తే నిష్పత్తి చేతికొస్తుంది. ట్యూబ్‌కి కూడా ఫాయిల్ చుట్టి ఇవ్వండి, ఆపరేటర్ గారు కిటికీ పక్కన స్టాండ్‌లో పెట్టి టీకి వెళ్తే మీ సిస్ కాస్తా ఎండపాలే.

ఎన్నాళ్ళు ఆగుతుంది: ప్రాజెక్టు అసలు ఇక్కడే

సిస్ చీకట్లో కూడా నెమ్మదిగా వెనక్కి వచ్చేస్తుంది. గది టెంపరేచర్‌లో అజోబెంజీన్ హాఫ్ లైఫ్, అంటే సగం వెనక్కి వచ్చేసే టైము, రెండు నుంచి నాలుగు రోజులు, సాల్వెంట్‌ని బట్టి. అన్ని రోజులు స్పెక్ట్రోమీటర్ ముందు కూచోడానికి ఎవరూ స్లాట్ ఇవ్వరు, అందుకని వేడి చేసి కొలిచి, వెనక్కి లెక్కేస్తాం. దీనికి టోలుయీన్ వాడండి, ఇథనాల్ 78కే మరిగిపోతుంది.

60 డిగ్రీల దగ్గర హాఫ్ లైఫ్ గంట గంటన్నరకి వచ్చేస్తుంది. చార్జ్ చేసిన పల్చటి సొల్యూషన్‌ని మూత గట్టిగా పెట్టిన క్యువెట్‌లో, టెంపరేచర్ కంట్రోల్ ఉన్న హోల్డర్‌లో పెట్టి ఐదు పది నిమిషాలకోసారి 320 దగ్గర అబ్జార్బెన్స్ నోట్ చెయ్యండి. చివరి విలువ, అంటే మొత్తం వెనక్కి వచ్చేశాక ఉండాల్సింది, మీరు చార్జ్ చెయ్యకముందు తీసిన విలువే, దానికోసం గంటలు గంటలు కాచుకోనక్కర్లేదు. ఆ చివరి విలువలోంచి ఒక్కో రీడింగ్ తీసేసి, వచ్చిన తేడాకి లాగరిథమ్ తీసి టైముతో గ్రాఫ్ వేస్తే సరళరేఖ రావాలి. స్లోప్ మీ రేట్ కాన్‌స్టెంట్, 0.693ని దాంతో భాగిస్తే హాఫ్ లైఫ్. ఇదే 50, 55, 65, 70 దగ్గర కూడా చేసి ఐరింగ్ ప్లాట్ (టెంపరేచర్‌తో రేటు ఎలా మారుతుందో చూపే గ్రాఫ్) వేసి 25కి పొడిగించండి.

రెండు చోట్ల జాగ్రత్త. ఒకటి, స్పెక్ట్రోమీటర్ లైటు కూడా లైటే. షట్టర్ మూయకుండా క్యువెట్ అలాగే వదిలేస్తే మీరు కొలిచేది చీకటి రియాక్షన్ కాదు, మెషీన్ బల్బు చేసే రియాక్షన్ కూడా కలిసి ఉంటుంది. రీడింగ్‌కీ రీడింగ్‌కీ మధ్య షట్టర్ మూయండి, అనుమానమొస్తే రీడింగుల సంఖ్య సగం చేసి మళ్ళీ కొలవండి, రేటు మారితే మెషీన్ వేలు పెట్టినట్టే. రెండోది, 25కి పొడిగించిన నంబరుని నమ్మే ముందు ఒక సీసా ఫాయిల్ చుట్టి డ్రాయర్‌లో రెండు మూడు రోజులు పెట్టి నిజంగా ఎంత మిగిలిందో ఒక్కసారి చూడండి. 18 ఏళ్ళు అన్న నంబరు కూడా ఎవరూ 18 ఏళ్ళు కూచుని కొలిచింది కాదు, ఇలాగే ఎక్కువ టెంపరేచర్లలో కొలిచి పొడిగించిందే. తప్పేం లేదు, పద్ధతే అది, కానీ చిన్న తప్పు పొడిగింపులో ఎంత పెద్దదవుతుందో మీ గ్రాఫ్ మీద ఎర్రర్ బార్లు వేస్తే అర్థమవుతుంది.

హాఫ్ లైఫ్ పెరిగే కొద్దీ ఇంకో తలనొప్పి ఉంది, అంత గట్టిగా పట్టుకున్నది కావాలన్నప్పుడు వదలదు కదా. అందుకే కేటలిస్టు కావాలి. చామర్స్ వాళ్ళు యాక్టివేటెడ్ కార్బన్ మీద కోబాల్ట్ థాలోసయనీన్ ఎక్కించి, దాన్ని గొట్టంలో నింపి అందులోంచి చార్జ్ అయిన సొల్యూషన్ పంపారు, 63 డిగ్రీల పెరుగుదల అక్కడ వచ్చిందే. అయితే అది వేడి బయటికి పోకుండా వాక్యూమ్‌లో పెట్టిన చిన్న సెటప్, ఇంటి గీజర్ కాదు. అజోబెంజీన్‌కి కేటలిస్టు గోల లేదు, నీలం ఎల్ఈడీ కొడితే చాలు.

వేడి కొలవడం

దీనికి డీఎస్సీ కావాలి. టీచర్ పోస్టుల డీఎస్సీ కాదులెండి, దానికోసం అయితే ఇంకా ఎక్కువ కాలం ఎదురు చూడాలి, ఇది డిఫరెన్షియల్ స్కానింగ్ కెలోరీమీటర్. మీ కాలేజీలో లేకపోతే దగ్గర్లో యూనివర్సిటీ సెంట్రల్ ఇన్‌స్ట్రుమెంట్స్ ల్యాబ్‌లో అడగండి, బయటి శాంపిళ్ళు డబ్బు కట్టించుకుని చేసేవి ఉంటాయి.

డీఎస్సీకి సొల్యూషన్ పనికిరాదు, ఘనరూపం సిస్ కావాలి. చిక్కటి సొల్యూషన్‌ని పల్చటి పొరలా పరిచిన పళ్ళెంలో 365 కింద చాలాసేపు చార్జ్ చెయ్యాలి (చిక్కటి సొల్యూషన్‌లో లైటు పైపొరలోనే ఆగిపోతుంది, లోతైన బీకర్‌లో పెడితే కింద ఉన్నదానికి లైటే తగలదు, కలుపుతూ ఉండాలి), తర్వాత టీఎల్‌సీలో చూసినట్టే సిలికా కాలమ్ మీద విడదీయాలి, ట్రాన్స్ ముందు దిగిపోతుంది, సిస్ వెనకాల వస్తుంది. కాలమ్‌కి ఫాయిల్ చుట్టండి, గదిలో ట్యూబ్‌లైట్లు ఆపేసి ఎర్ర బల్బు ఒకటి పెట్టుకోండి. సాల్వెంట్ రోటావాపర్ మీద తీసేటప్పుడు బాత్ వేడి పెంచకండి, 60 డిగ్రీల దగ్గర ఏమవుతుందో ఇందాక చూశాం కదా. వచ్చినదాన్ని ఫ్రీజర్‌లో పెట్టండి.

కొద్ది మిల్లీగ్రాములు సీల్ చేసిన అల్యూమినియం పాన్‌లో పెట్టి నిమిషానికి 10 డిగ్రీల చొప్పున 150 దాకా వేడి చేయించండి. 71 దగ్గర సిస్ కరుగుతున్నట్టు ఒక గుంట, తర్వాత వెడల్పాటి ఎగ్జోథర్మ్ (వేడి బయటికొచ్చినట్టు చూపే గుర్తు), అదే మీ ఎండ. చల్లార్చి రెండోసారి అదే పాన్‌ని మళ్ళీ వేడి చేయించండి, ఈసారి ఎగ్జోథర్మ్ ఉండకూడదు, 68 దగ్గర ట్రాన్స్ కరిగే గుంట ఒక్కటే కనపడాలి. రెండో రన్‌లో కూడా ఏదో ఎగ్జోథర్మ్ వస్తోందంటే అది డికంపోజిషన్, దాన్ని మీ ఎనర్జీలో కలిపేసుకోకండి. వచ్చిన జూల్స్‌ని సిస్ శాతంతో భాగించి గ్రాముకి 225, 270 మధ్య వచ్చిందా చూసుకోండి.

డీఎస్సీ దొరక్కపోయినా థర్మల్ కెమెరా దొరికితే ఒక పల్చటి పొర మీద నీలం లైటు కొట్టి చూపించొచ్చు, కానీ అక్కడ పెద్ద మోసం ఉంది, లైటు తాగిన ఏ వస్తువైనా ఊరికే వేడెక్కుతుంది. అందుకని చార్జ్ చేసిన పొర ఒకటి, చెయ్యనిది ఒకటి, పక్కపక్కన ఒకే లైటు కింద పెట్టి తేడా మాత్రమే రాయండి. చార్జ్ చెయ్యని పొర ఫోటో పక్కన లేని థర్మల్ కెమెరా బొమ్మ ఎక్కడ చూసినా నేనైతే పేజీ తిప్పేస్తాను.

ఎండలో ఎంత శాతం దాగింది

ఈ లెక్కే అందరినీ నేల మీదకి తెస్తుంది. క్వాంటమ్ ఈల్డ్ అంటే తాగిన ప్రతి ఫోటాన్‌కి ఎన్ని మాలిక్యూల్స్ మారాయి అని. అది కొలవాలంటే మీ ఎల్ఈడీ ఎన్ని ఫోటాన్లు ఇస్తోందో తెలియాలి, దానికి పొటాషియం ఫెర్రిఆక్సలేట్ యాక్టినోమెట్రీ చెయ్యండి, ఇనార్గానిక్ ప్రాక్టికల్స్‌లో ఆకుపచ్చ క్రిస్టల్స్ చేయించేవాళ్ళు చూడండి, అదే. లైటు తగిలితే అందులో ఐరన్ ఆక్సిడేషన్ స్టేట్ మూడు నుంచి రెండుకి దిగుతుంది, ఫినాంత్రోలిన్ కలిపితే ఎర్రగా మారుతుంది, 510 దగ్గర చదివితే ఫోటాన్ల లెక్క తేలుతుంది. చీకటి గదిలో చెయ్యాలని వేరే చెప్పక్కర్లేదుగా.

అజోబెంజీన్‌ని యూవీతో చార్జ్ చేసినప్పుడు క్వాంటమ్ ఈల్డ్ 0.11 దగ్గర వస్తుంది. ఇప్పుడు చూడండి, 365 నానోమీటర్ల ఫోటాన్లు ఒక మోల్ అంటే 328 కిలోజూల్స్. అందులో 0.11 మోల్ మారింది, మోల్‌కి 41 చొప్పున 4.5 కిలోజూల్స్ దాగింది. అంటే నూటికి 1.4. మిగతాదంతా అప్పటికప్పుడు వేడైపోయింది. ఎండలో యూవీ వాటా 5 శాతం మించదు, మధ్యాహ్నం చదరపు మీటరుకి 1000 వాట్లు పడితే యూవీ 50 వాట్లు, అందులో 1.4 శాతం 0.7 వాట్లు. ఆరు గంటలు అదే ఎండ కాసినా 15 కిలోజూల్స్. మన బకెట్ స్నానానికి 940 కావాలి కదా, అంటే 62 చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు 75 గజాల స్థలమంతా అజోబెంజీన్ పరచాలి, ఒక్క స్నానానికి. అదీ నీలం లైటు వెనక్కి తోసేది అస్సలు లేదనుకుంటే.

అలాగని ఫీల్డ్ మొత్తం ఇంతే అనుకోవద్దు. మంచి నార్బోర్నడయీన్ డెరివేటివ్‌లలో క్వాంటమ్ ఈల్డ్ 60, 70 శాతం దాకా వెళ్తుంది. 2024లో మోత్-పౌల్సెన్ వాళ్ళే సిలికాన్ సోలార్ సెల్ మీద ఈ లిక్విడ్‌ని పారించి చూపించారు, యూవీని లిక్విడ్ దాచుకుంటుంది, మిగతా లైటు కిందకి సెల్‌కి వెళ్తుంది, పైగా లిక్విడ్ పారుతుంటే సెల్ 8 డిగ్రీల దాకా చల్లబడింది. దాచిన వాటా 2.3 శాతం, కరెంటుతో కలిపి 14.9. 2.3 అంటే నవ్వొస్తుందేమో గానీ ఈ ఫీల్డ్‌లో అప్పటికి అది రికార్డు.

నన్నడిగితే మన ఊళ్ళలో స్నానం నీళ్ళకి దీని అవసరం లేదు, మేడ మీద సోలార్ వాటర్ హీటర్ ఎండలో సగం దాకా పట్టేసి ట్యాంకులో పెడుతుంది, పొద్దున్నకి అది చాలు. జూన్ ఎండని డిసెంబరుకి దాచుకోవాల్సిన స్వీడన్ లాంటి చోట, కారు అద్దం మీద మంచు కరిగించాల్సిన చోట దీనికి అర్థం ఉంది. రిపోర్ట్‌లో ఇంట్రడక్షన్ రాసేటప్పుడు భారతదేశ ఇంధన సమస్యకి పరిష్కారం అని మొదలుపెట్టకండి, పైన వేసిన 75 గజాల లెక్క ఎగ్జామినర్ కూడా వెయ్యగలడు.

తిప్పి తిప్పి చూడ్డం, ఆ తర్వాత

చివరిగా సైకిల్ టెస్ట్. 365తో చార్జ్, 450 నీలంతో డిస్చార్జ్, మళ్ళీ చార్జ్, ఇలా కనీసం ఓ ఇరవై ముప్పై సార్లు, ప్రతిసారీ 320 అబ్జార్బెన్స్ రాసుకోండి. పైనా కిందా నంబర్లు ఒకే గీత మీద నిలబడాలి, మెల్లగా జారుతుంటే మాలిక్యూల్ అరుగుతోంది. అజోబెంజీన్ ఈ టెస్టులో దాదాపు ఎప్పుడూ పాసవుతుంది, దాని గొప్పతనం అదే. నార్బోర్నడయీన్ జాతిలో అయితే ఆక్సిజన్ తీసేసి ఆర్గాన్ పంపి చెయ్యాలి చాలాసార్లు.

టైము మిగిలితే అరైల్అజోపిరజోల్ వైపు వెళ్ళండి. అజోబెంజీన్‌లో ఒక బెంజీన్ రింగు తీసేసి పిరజోల్ పెట్టిందే, సింథసిస్ కూడా డైఅజో కప్లింగ్ ఒకటి, హైడ్రజీన్‌తో రింగు మూయడం ఒకటి, ఎమ్మెస్సీ లెవెల్లో అయ్యేదే (హైడ్రజీన్ విషం, గైడ్ పక్కన లేకుండా ముట్టొద్దు). 2014లో ఇంపీరియల్ కాలేజీలో ఫక్టర్ గ్రూప్ ఇందులో ఒకదాని హాఫ్ లైఫ్ 1000 రోజులని చూపించింది, అజోబెంజీన్ మూడు రోజుల పక్కన పెట్టి చూడండి మరి. చార్జ్, డిస్చార్జ్ రెండూ కూడా దాంట్లో ఇంకా పూర్తిగా జరుగుతాయి. ఇదంతా అదే ఆర్డర్‌లో దాని మీద మళ్ళీ చేసి, రెండు మాలిక్యూల్స్ నంబర్లూ ఒకే టేబుల్‌లో పెట్టండి: చార్జ్ శాతం, హాఫ్ లైఫ్, గ్రాముకి జూల్స్, క్వాంటమ్ ఈల్డ్, సైకిల్స్. కొలవలేకపోయిన గడిని ఖాళీగా వదిలెయ్యండి, వేరే పేపర్లోంచి తెచ్చి నింపొద్దు, తప్పక పెట్టాల్సొస్తే అది ఎవరిదో ఏ సాల్వెంట్‌లోదో కింద రాయండి.